వంతెన కింది తాడు

మూటలు మోసే తాత పరుపు మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దొర్లి వీధిలో పడింది. దాని వెనకే తాతనూ గెంటుకొచ్చారు, కాళ్లకు చెప్పులైనా లేకుండా.

గొడుగులు బాగుచేసే గొడుగులమ్మ కింది గది గుమ్మంలోంచి చూసింది. లోపల నిండు నెలల కూతురు. మెట్ల మీద తాళంచెవుల గుత్తితో నిలబడ్డది యజమాని కాదు, పెద్దన్న! వంతెన కింద తమతోపాటు పడుకున్నవాడు, గదుల కోసం చేసిన ఊరేగింపులో తమ ముందు నడిచి లాఠీ దెబ్బలు తిన్నవాడు. ప్రభుత్వం తమ కోసం ఈ ప్రైవేటు మేడను అద్దెకు తీసుకున్నాక, దీనికే మేనేజరయ్యాడు.

"ఇదేంటన్నా?"

"గవర్నమెంటు అద్దె ఆపేసింది చెల్లెమ్మా. ఓనరు మాత్రం ఏం చేస్తాడు? రేపు నీ గది. ఖర్మ అనుకో."

"ఖర్మ చేతిలో ఇన్ని తాళంచెవులుంటాయా?"

వంతెన కింద వాళ్లకొక అలవాటుండేది. పడుకునేముందు అందరి మూటల గుండా ఒకే తాడు పోనిచ్చి, అదే తాడు అందరూ నడుములకు చుట్టి కట్టుకునేవారు. దొంగ ఒక్క మూట లాగితే అందరికీ మెలకువ వచ్చేది. గదుల్లో చేరిననాడు పెద్దన్నే ఆ తాడును ముక్కలుగా కోసి పంచాడు. "ఇక ఎవరి తలుపు వాళ్లకుంది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గొడుగులమ్మ తన ముక్క మీద బట్టలారేసుకుంది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అందరూ పోగయ్యారు.

"పోయిన్నెల చెప్పులు కుట్టేవాణ్ణి గెంటితే తాగుబోతన్నాడు పెద్దన్న, నమ్మాం. ఇప్పుడు తాతనేమంటాడంట?" అంది ఇస్త్రీ ఆమె.

"మనమంతా తలుపులేసుకుని వింటూ కూర్చున్నాం. నేనూ అంతే," అంది గొడుగులమ్మ.

"పోలీసులొస్తే?" అన్నారెవరో.

"రానీ. మీ తాడు ముక్కలు పట్రండి," అంది గొడుగులమ్మ.

తెల్లారేసరికి పోలీసులొచ్చారు. అడుగు మెట్టు నుంచి మూడో అంతస్తు దాకా జనం కూర్చుని ఉన్నారు. ముక్కకు ముక్క ముడేసిన ఒకే తాడు అందరి నడుముల చుట్టూ తిరిగింది. అడుగున తాత, తన పరుపు మీద. కూతురు పడుకున్న గది గుమ్మానికి అడ్డంగా గొడుగులమ్మ.

"విప్పు చెల్లెమ్మా, నా మాట విను," అన్నాడు పెద్దన్న.

"నువ్వు నేర్పిన ముడే అన్నా. నీకే గుర్తులేనట్టుంది."

"ముందా ముసలాణ్ణి లేపండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కానిస్టేబులు తాత రెక్క పట్టి లాగాడు. తాడు బిగిసింది. గొడుగులమ్మ లేచింది, ఇస్త్రీ ఆమె లేచింది, మెట్టు తరవాత మెట్టుగా మేడంతా లేచి నిలబడింది.