వణుకు చూపించే స్కోపు

ఆసుపత్రి లాండ్రీలో వేడి రోలరు కింద నుంచి దుప్పటి ఇవతలికి రాగానే పెద్దక్క రెండు మూలలూ పట్టి ఒక్క విదిలింపుతో మడిచింది. దాని వెనకే ఇంకొకటి. ముఖానికి ఆవిరి కొడుతున్నా రెప్ప వాల్చదు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఏళ్ళ తరబడి సిమెంటు నేల మీద నిలబడి పాదాలు పలకల్లా చదునైపోయాయి. అందరికంటే ముందు పనిలో చేరింది కాబట్టి లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దక్కే.

"మధ్యాహ్నమే వెళ్ళిపోతున్నావట, పెళ్ళిచూపులా?" అంది ఎదురుగా మడతలు పట్టే ఆమె.

"అవునే. సంబంధాలు రెండు మూడున్నాయిట. నచ్చినవాణ్ణి ఎంచుకుని వస్తా."

ఎంచుకోబోయేది రైఫిలుకి బిగించే దుర్భిణిలాంటి స్కోపు అని అక్కడ ఎవరికీ తెలియదు. వారానికి రెండు సాయంత్రాలు ఊరి చివర షూటింగ్ క్లబ్బులో బోర్లా పడుకుని, చిన్న తూటా రైఫిలుతో యాభై మీటర్ల అవతలి కాగితాన్ని కొడుతుందనీ తెలియదు. పగలంతా యంత్రాల రొద విన్న చెవులకి తూటాకీ తూటాకీ మధ్యనుండే నిశ్శబ్దం నచ్చింది. అందుకే అక్కడ స్థిరపడిపోయింది.

రెండేళ్ళ కిందటి దాకా ఆమె గురికి తిరుగులేదు. రైఫిలు మీది ఇనుప సైట్లతో చూడాలంటే వెనక రంధ్రం, ముందు ఉంగరం, దూరాన నల్లటి చుక్క, మూడూ ఒకే వరసలో కనబడాలి. ఇప్పుడు ఆ ఉంగరం పొగలా అలుక్కుపోతోంది. వయసు మళ్ళినవాళ్ళు స్కోపు పెట్టుకోవచ్చని నియమం ఉంది. ఆ మాట ఎవరెత్తినా, "చేతికర్ర నాకప్పుడే వద్దు," అని కొట్టిపారేసేది. కిందటి వారం ఆమె తూటా వెళ్ళి పక్కవాళ్ళ కాగితానికి తగిలింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మర్నాడే స్కోపులమ్మే దుకాణం ఎక్కడని వాకబు చేసింది.

ఈ సాయంత్రం పోటీ. పై ఊరు వెళ్ళే నలుగురి జట్టులో మిగిలింది ఒక్క చోటు. అది ఏటా పొడుగాయనదే. రిటైరైన రైలు డ్రైవరు, ఆమె పక్క వరసలోనే పడుకుంటాడు, పలకరింపుకి తలూపడం తప్ప పెద్దగా మాట్లాడడు.

దుకాణానికి వదిన తోడొచ్చింది. అన్నగారి భార్య, పక్క వాటాలో కర్టెన్లు కుడుతుంది. ఆమె నోరు కట్టేయడం ఎవరి తరమూ కాదు.

"ఏ దూరానికమ్మా?" అన్నాడు దుకాణదారు, మెడలో వేలాడే కళ్ళద్దాలు ముక్కుమీదకి ఎత్తుకుంటూ.

"యాభై మీటర్లు. పడుకుని కొట్టడానికి."

కౌంటరు మీది చెక్క రైఫిలుకి ఆయన మొదట ఒక లావుపాటి స్కోపు బిగించాడు. దాంతో ఎక్కడో ఉన్న నీళ్ళ ట్యాంకు ముంగిట్లోకి వచ్చింది. ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు మీదకి తిప్పితే మాత్రం అక్షరాలు మసక. తల రవ్వంత కదిపితే చాలు, అద్దంలోని అడ్డగీతలు అక్షరం మీంచి జారిపోతున్నాయి.

"ఇది వేటగాళ్ళది. దగ్గరి దూరానికి గీతలు ఇలాగే ఈదుతాయి," అని ఆయనే తీసేశాడు.

రెండోది పన్నెండు రెట్లు పెంచి చూపిస్తుంది. గీతలు అక్షరం మీద పెంపుడు పిల్లిలా కూర్చున్నాయి.

"ఏదీ, నన్నూ చూడనీ," అని వదిన తోసుకొచ్చింది. "అయ్యయ్యో, మందుల షాపాయన చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటున్నాడే! ఇక ఆ చేత్తో ఇచ్చిన మాత్ర మింగితే ఒట్టు."

"మీ వయసువాళ్ళు ఎక్కువమంది ఇదే తీసుకుంటారమ్మా," అన్నాడు దుకాణదారు నవ్వాపుకుంటూ.

ఆ 'మీ వయసువాళ్ళు' పెద్దక్కకి చురుక్కుమంది. "ఇంకా పెద్దది లేదా?"

ఉంది. సన్నగా, పొడుగ్గా, ముప్పై ఆరు రెట్లది. కన్ను ఆనించి ఉలిక్కిపడింది. అక్షరం గోడంతయింది. దాని మీద గీతలు గంగవెర్రులెత్తినట్టు గెంతుతున్నాయి. ఊపిరి తీస్తే కిందికి, వదిలితే పైకి, నడుమ నడుమ చిన్న చిన్న అదుర్లు.

"పాడైందా ఏమిటి?"

"లేదమ్మా. ఆ అదురు మీ గుండెది."

ఇన్నేళ్ళూ తన చెయ్యి రాయి అనుకుంది. "మరి ఇందాకటి దాంట్లో లేదే?"

"ఉంది. కనబళ్ళేదంతే."

"ఆ హాయిగా ఉన్నదే తీసుకోవే తల్లీ! దీనికి నా కళ్ళు తిరుగుతున్నాయి," అంది వదిన, తనూ ఒకసారి కన్ను పెట్టి చూసి.

పెద్దక్క మళ్ళీ కన్ను ఆనించింది. ఈసారి తొందరపడలేదు. ఊపిరి వదిలేశాక, మళ్ళీ తీసేలోపు, రెండు అదుర్ల సందులో గీతలు ఒక్క క్షణం నిలిచాయి. మళ్ళీ అక్కడే నిలిచాయి. రోలరు కింద నుంచి దుప్పటి వచ్చే వరస చేతులకి తెలిసినట్టే ఆ వరస ఆమెకి తెలిసిపోయింది.

"ఇదే ఇవ్వండి."

"మొదట్లో బాగా భయపెడుతుందమ్మా."

"పెట్టనీండి. కనబడితేనే కదా దాని సంగతి చూసేది."

క్లబ్బులో మెకానిక్ దాన్ని రైఫిలుకి బిగించాడు. మొదటి తూటా కాగితం అంచుని కొరికింది. స్కోపు పక్కనున్న చిన్న మరని టకటక తిప్పుతూ ఒక్కో తూటానీ నల్ల చుక్క మధ్యకి లాక్కొచ్చాడు. తర్వాత పోటీ గంట మోగింది. పక్క వరసలో పొడుగాయన ఎప్పటిలాగే ఇనుప సైట్లతో బోర్లా పడుకున్నాడు.

గీతలు గెంతాయి. పెద్దక్క గెంతనిచ్చింది. ఊపిరి వదిలింది, సందు కోసం కాచుకుంది, వేలు నొక్కింది. మళ్ళీ అదే. ఒకసారి సందు తప్పిపోతే వేలు తీసేసి, మొదట్నుంచి మొదలెట్టింది. చూసేవాళ్ళ హాలు అద్దం వెనక వదిన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

కార్యదర్శి ఆమె కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. నడిమధ్యన గోరంత చిరుగు. "ఇందులో ఏ తూటా ఏదో విడదీయడం నా వల్ల కాదు," అన్నాడు. "ఈ ఏడు నాలుగో చోటు ఈవిడదే."

"మా ఆడపడుచండీ! మా ఆడపడుచు!" అని వదిన హాలు ఎగిరిపోయేలా అరిచింది. చప్పట్లు మోగాయి. పెద్దక్క కంటి చుట్టూ స్కోపు రబ్బరు గుండ్రంగా అచ్చు పడి ఉంది. ఆ ముఖంతోనే, పళ్ళన్నీ బయటపెట్టి, చిన్నపిల్లలా నవ్వింది. చదును పాదాలు నేల మీద ఆనుతున్నట్టు లేవు.

పొడుగాయన నెమ్మదిగా వచ్చి కాగితం మీదకి ఒంగాడు. "ఒక్క చిల్లే కనబడుతోంది. నా చూపు తప్పా, నిజంగా ఒకటేనా?"

"ఒకటేనండీ. మీరూ స్కోపు పెట్టుకోండి. దుకాణానికి నేను తోడొస్తా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను చూడాల్సినంత చూశానమ్మా. ఆ చోట్లోంచి ఎవరో ఒకరు లేపితే తప్ప లేచేవాణ్ణి కాదు. మంచి పని చేశావు. పై ఊళ్ళోనూ ఇలాగే కొట్టు."

తన రైఫిలుని ఆయుధాల గది కిటికీలోంచి అప్పగించాడు. ఇన్నేళ్ళూ తన దగ్గరున్న అలమర తాళంచెవి కూడా అప్పగించాడు. జనం వదిన చుట్టూ చేరి నవ్వుతుండగా తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. పెద్దక్క ఒక్కతే చూసింది. పరుగున వెళ్ళి తలుపు తీస్తే, చీకటి పడుతున్న వీధిలో ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి ఊపాడు.

ఆమె తన వరసకి తిరిగొచ్చింది. పక్క వరసలో, చాప మీద, ఆయన ఎడమచేతి తోలు తొడుగు వెల్లకిలా పడి ఉంది. దాని వేళ్ళు ఇంకా రైఫిలు బరువు మోస్తున్నట్టే ఒంగి ఉన్నాయి.