ముడి లేని వరసలు

…అయినా ఈ మాట ఎక్కడ మొదలుపెట్టాలి, అక్కా, నీకు చూపు తగ్గింది అని మొహం మీద అనేస్తే బావుండదు, అక్కా, ఈ బొంతతో ఆపేద్దామా అంటే ఎందుకే అంటుంది, ఎందుకంటే ఏం చెప్పాలి, కత్తెర ఎక్కడ పెట్టాను, ఇదిగో, తొడ కిందే ఉంది, చిన్నది, ముక్కు సన్నగా ఉండేది, ఫ్యాక్టరీ నుంచి రిటైరైన రోజు పూలగుత్తి అక్కడే మర్చిపోయి దీన్ని మాత్రం సంచిలో వేసుకొచ్చాను, ఎవరూ అడగలేదు, అడిగినా ఇచ్చేదాన్ని కాదు, అక్క దారం కొనడానికి వీధి చివరి దుకాణానికి వెళ్ళింది, వచ్చేలోపు ఈ వంకర వరస విప్పేసి తిన్నగా కుట్టేయాలి, వచ్చాక టీ పెట్టి, టీ తాగుతున్నప్పుడు చెప్పాలి, ఇవాళ చెప్పేస్తానని కూతురికి మాటిచ్చాను, మాట ఇవ్వడానికి ఏముంది, నోరు తెరిస్తే ఇచ్చేయొచ్చు, చెప్పడానికే మళ్ళీ నోరు పెగలదు.

బొంత కూతురి కోసమే, కొత్త ఇంట్లో గోడలు చల్లగా ఉన్నాయట, కొనుక్కోవే, దుకాణాల్లో మెత్తటివి దొరుకుతున్నాయి కదా అన్నాను, కొన్నవి నాకొద్దు, నువ్వూ పెద్దమ్మా కుట్టిందే కావాలి అంది, తీరా సగం అయ్యాక ఫోన్‌లో నేను కాస్త నోరు జారి, మీ పెద్దమ్మ కుట్లు ఈమధ్య కుక్క తోకల్లా పోతున్నాయే, రోజూ ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు విప్పి మళ్ళీ కుట్టుకుంటున్నాను అన్నాను, నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు, అలా దొంగచాటుగా విప్పడమేంటమ్మా, పెద్దమ్మకి తెలిస్తే ఎంత బాధపడుతుంది, దానికన్నా మెల్లగా చెప్పేసెయ్, కళ్ళు చూపించుకోమని చెప్పు, అప్పటిదాకా కుట్టొద్దని చెప్పు అంది, మెల్లగా చెప్పాలట, అక్కకి మెల్లగా చెప్పినా గట్టిగా చెప్పినా జరిగేది ఒకటే, సరేలే అంటుంది, సూదులన్నీ డబ్బాలో పెట్టేస్తుంది, బొంత మడిచి అటకెక్కించేస్తుంది, మళ్ళీ దాని పేరెత్తదు, బావ పోయినప్పుడు ఆయన రేడియోని అలాగే గుడ్డలో చుట్టి పైన పెట్టేసి నా ఇంటికి వచ్చేసింది, ఆ రేడియో ఊసు మళ్ళీ ఎవరం ఎత్తలేదు, ఆసుపత్రి ఉద్యోగం అయిపోయింది, బావ లేడు, పిల్లలు పుట్టలేదు, ఇక అక్కకి మిగిలింది మధ్యాహ్నం ఈ బల్ల దగ్గర కూర్చోవడమే, అది నేను తీసేసుకోవాలి, టీ ఇచ్చి మరీ.

కానీ పని పనే, ఇన్నేళ్ళు నేను తిన్న తిండి తప్పులు పట్టినందుకే, బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్, చొక్కా బల్ల మీద పడితే ముందు కాలరు, తర్వాత భుజం, తర్వాత చంక, ఎక్కడ కుట్టు తప్పిందో అక్కడ ఎర్ర దారం ముక్క కట్టి వెనక్కి తోసేయడం, కుట్టేవాళ్ళు నన్ను గద్దక్క అనేవారు, నా ముందు కాదు, వెనకాల, నాకు వినబడేంత వెనకాల, ఒకసారి ఒకామె ఏడ్చింది కూడా, మెషీనే సరిగ్గా లేదమ్మా అని, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట అని పంపించేశాను, మెషీన్ నిజంగానే బాగోలేదో ఏమో, చూడలేదు, నా పని మెషీన్ చూడటం కాదు.

ఇంట్లో మాత్రం అలా ఉండకూడదని బొంత మొదలుపెట్టిన రోజే అనుకున్నాను, ఇక్కడ రిజెక్ట్ అనేది లేదు, ముక్క ఎలా ఉంటే అలాగే, అక్క తెల్ల యూనిఫాంలు ఉన్నాయి, ఉతికీ ఉతికీ పాల మీగడలా అయిపోయినవి, కూతురి గళ్ళ గౌను, పాత కిటికీ పరదా, బావ చొక్కాల్లో ఒకటి, అక్క స్వయంగా కత్తిరించింది, జేబు ఊడదీయకుండా జేబుతో సహా ఒక ముక్క చేసింది, కూతురు రాత్రి చేతిరుమాలు పెట్టుకుంటుందిలే అంది, ముక్కలన్నీ బల్ల మీద పరిచి ఇది ఇక్కడ, కాదు అక్కడ, గళ్ళ పక్కన గళ్ళు వద్దే, కళ్ళు తిరుగుతాయి, పూల పక్కన పెట్టు, ఎండ మారేదాకా ఆ జరపడంలోనే ఉన్నాం, ఒక్క కుట్టు పడలేదు, అంత సంతోషం నాకు ఈమధ్య ఇంకెందులోనూ కలగలేదు, కింద పాత కంబళి, పైన ముక్కలు, మధ్యలో పాత దుప్పటి పొర, మూడింటినీ ఒకేసారి గుచ్చి సూది అడుగుకి దిగి మళ్ళీ పైకి వస్తుంటే టక్, టక్ అని చిన్న చప్పుడు, ఒకవైపు నాది, ఎదురుగా అక్కది, ఇద్దరం మాట్లాడుకోము, మాట్లాడినా దారం గురించే, కాళ్ళ మీద బరువు పెరుగుతూ ఉంటుంది, కుట్టిన మేరకు వెచ్చగా ఉంటుంది, ఇంకా కుట్టని వైపు చల్లగా.

సాయంత్రం లేచేముందు బొంతని తిప్పి పరచాలి, అటు ఇటు చేసి, ఇది అమ్మ పెట్టిన పద్ధతి, అమ్మా పిన్నీ కుట్టుకునేటప్పుడు కూడా ఇంతే, బొంతకి ఇటు నీది అటు నాది అని ఉండకూడదు, పంపకాలు చేసుకోవడానికి అదేం పొలమా అనేది, అందుకని ఇవాళ నేను కుట్టిన వరస పక్కన రేపు అక్క కుట్టే వరస పడుతుంది, ఎవరిది ఏదో తెలియదు, బయటివాళ్ళకి తెలియదు, నాకు తెలియకపోవడమేంటి, తిన్నగా పోయినవి నావి, కల్లు తాగినట్టు పోయినవి అక్కవి, ఇందులో చెకింగ్ చేయడానికి కూడా ఏమీ లేదు.

పాపం అక్క తానే చెప్పుకుంది కూడా, తెల్ల దారం నాకు కనబడి చావట్లేదే, ముదురు నీలం తెచ్చుకుందాం అంది, కిటికీ పక్క కుర్చీ మొదటినుంచీ తనది, ఆ ఎండ నాకు పడట్లేదు, నువ్వు కూర్చో అని నన్ను ఇటు జరిపింది, పొద్దున్నే సూదులన్నిటికీ దారాలు ఎక్కించి దిండుకి గుచ్చేసి ఉంచుతుంది, ఇంత హడావుడి ఎందుకే అంటే, మధ్యలో ఎక్కించాలంటే నాకు చిరాకు, అన్నీ ఒకేసారి అయిపోతే హాయి అంటుంది, పైకి ఎంత తేలిగ్గా చెప్పినా లోపల భయం ఉండదా, చూపు పోతున్న మనిషి చేసే పనులే ఇవన్నీ, నాకు తెలియదా, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

ఎలాగో నాలుగు కుట్లు తెంపాను, ఏంటి ఈ కుట్టు దొరకదు, కత్తెర ముక్కు పెడితే గుడ్డలో దిగుతోంది, దారం కింద దిగడం లేదు, రోజూ మధ్యలో ఎక్కడో ఒకచోట తుంచి, ఇంకోచోట తుంచి, అడుగు నుంచి లాగేస్తే సర్రున వచ్చేస్తుంది, ఇవాళ ఎండ మరీ ఎక్కువగా ఉంది, కళ్ళద్దాలు తుడవాలి, తుడిచాను, ఎంత తుడిచినా ఇంతే, ఆ కళ్ళద్దాల దుకాణం వాడు నాసిరకం అంటగట్టాడు, నీలం గీత రెండు గీతలవుతోంది, రెండూ కలిసి ఒకటవుతోంది, కిటికీ అద్దం కూడా దుమ్ము పట్టి ఉంది, రేపు కడగాలి, సరే, చూపుతో పనేంటి, వేలితో పట్టుకుందాం, వరస వెంట వేలు పోనిస్తే చివర దొరుకుతుంది, చివర నుంచి విప్పుకొస్తే సరి, అక్క కుట్టు విప్పడం చాలా తేలిక, ముడి వేయదు కదా, ఆఖర్న రెండు చిన్న కుట్లు వెనక్కి వేసి దారం తెంపేస్తుంది, మొదటినుంచీ అంతే, ముడి వేస్తే పడుకున్నవాళ్ళ ఒంటికి గుచ్చుకుంటుందట, మంచాన పడ్డవాళ్ళని చూసి చూసి వచ్చిన నర్సు బుద్ధి, నేను నవ్వేదాన్ని, ఫ్యాక్టరీలో ముడి లేని దారాన్ని దారం అనరే, రిజెక్ట్ అంటారు అని, నేను ముడి వేసి గట్టిగా లాగి లోపొరలో దాచేస్తాను, కనబడదు, తడిమితే మాత్రం ఆవగింజంత తగులుతుంది, ఇదిగో, ఇలాగే.

ఇలాగే తగిలింది.

ఇంకోసారి తడిమాను, గింజ ఉంది, వరస చివర, గుడ్డ కింద, ముడి, ఇది నిన్న నేను విప్పి మళ్ళీ కుట్టినదేమో, అయి ఉంటుంది, అయితే మాత్రం ఏంటి, నిన్న తిన్నగా కుట్టాను అనుకున్నాను కదా, మరి ఇవాళ వంకర ఎలా అయింది, పక్క వరస, ఇదీ వంకరే, ఇది నేను ఎప్పుడూ ముట్టుకోలేదు, చివర చూద్దాం, గింజ, ఆ పైది, గళ్ళ గౌను మీంచి పోయేది, మధ్యలో గుంటలో పడ్డట్టు దిగిపోయింది, గింజ, సరే, తిన్నగా ఉన్నవి చూద్దాం, బావ చొక్కా జేబు చుట్టూ ఉన్నది, కంటికి మసగ్గా ఉన్నా వేలికి తెలుస్తోంది, ఎంత బాగా పోయింది, ఒక్క కుట్టు పెద్దది లేదు, ఒక్కటి చిన్నది లేదు, ఈ చివర ఏమీ లేదు, నున్నగా ఉంది, ఆ చివరా అంతే, పరదా ముక్క మీద ఉన్నది కూడా, తెల్ల యూనిఫాం మీద ఉన్నది కూడా, నావే అని మనసులో మురిసిపోయిన వరసలన్నీ, ఒక్కదానికీ ముడి లేదు, గురివింద గింజకి తన నలుపు తెలియదని ఫ్యాక్టరీలో ఎంతమందిని అన్నాను, చేతిలో కత్తెర ఎందుకో చల్లగా ఉంది, భయం వేస్తోంది, ఇది మామూలు భయం, రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకుని నడిచినప్పుడు వేసేలాంటిది, పగలే వేస్తోంది.

అయితే కిటికీ పక్కన కుర్చీ, అయితే ముదురు నీలం దారం, అయితే దిండు నిండా దారాలెక్కించిన సూదులు, నాకు కనబడి చావట్లేదే అని తన మీద వేసుకుని చెప్పడం, ఆసుపత్రిలో కూడా ఇంతేనట, అక్కే చెప్పింది ఒకప్పుడు, జబ్బు మనిషికి నీకు ఇలా ఉందమ్మా అని ముందే చెప్పేయకూడదు, మంచం ఎత్తు తగ్గించాలి, నీళ్ళ గ్లాసు చేతికి దగ్గరగా జరపాలి, దీపం ఇటు తిప్పాలి, వాళ్ళకి వాళ్ళే తెలుసుకునే రోజు వస్తుంది, ఆ రోజు పక్కన ఉంటే చాలు అని, అప్పుడు నేను విన్నానో లేదో, ఏదో చొక్కా కాలరు గురించి ఆలోచిస్తూ ఉండుంటాను.

తలుపు చప్పుడు, అక్క, చెప్పులు విడిచి లోపలికి వస్తూనే, వాడి దగ్గర నీలం అయిపోయిందే, నలుపు తెచ్చాను, నలుపైతే ఇంకా బాగా కనబడుతుంది నాకు అంది, ఆ నాకు అనే మాట దగ్గర నేను తలెత్తాను, మొహం సరిగ్గా కనబడలేదు, వెనక వెలుతురు ఉంది, ఆకారం మాత్రం తెలిసింది, ఒళ్ళో కత్తెర, చుట్టూ తెగిన దారం పోగులు, దాచడానికి ఏమీ లేదు, అక్క వంగి ఆ పోగులు ఒక్కొక్కటీ ఏరి గుప్పిట్లో పెట్టుకుంది, విప్పకే, ఉండనీ, ఎలా ఉంటే ఏంటి, పట్టుకుని ఉంది కదా, అంతే అంది, టీ పెట్టి చెప్పాలనుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి, నీకు చూపు తగ్గింది అనేది, ఇక ఆపేద్దామా అనేది, అవే మాటలు, ఎటు తిప్పాలో అటు తిప్పితే సరిపోతాయి, అక్కా, కళ్ళు చూపించుకోవాలే అన్నాను, ఎవరికే అంది, నాకు అన్నాను, ఊఁ అంది, సరే వెళ్దాం, ముందు కాస్త టీ తాగు, నేను పెడతాను అంది, ఆశ్చర్యపోలేదు, అయ్యో అనలేదు, ఎదురు కుర్చీలో కూర్చుని కొత్త నల్ల దారం తీసి కొసని నాలిక మీద తడి చేసి సూదిలోకి ఒక్కసారికే ఎక్కించింది, ఒక్కసారికే, నా చెయ్యి పట్టుకుని సూదిని వేళ్ళ మధ్య పెట్టింది.

ఇక కుట్టొద్దు అంటుందేమో అని చూశాను, కూతురు నాతో అక్కకి చెప్పించాలనుకున్న మాట, నేను అక్కకి చెప్పబోయిన మాట, అనలేదు, తన వరస తాను మొదలుపెట్టింది, టక్, టక్, టీ సంగతి ఇద్దరం మర్చిపోయాం, నేనూ గుచ్చాను, సూది ఎక్కడ దిగిందో చూడలేదు, ఎక్కడ పైకి వచ్చిందో వేలికి తెలిసింది, వంకరే పోతోంది, పోనీ, రోజూ ఆవిడ స్నానానికి వెళ్ళినట్టే నేనూ వెళ్ళేదాన్ని, బజారుకి వెళ్ళేదాన్ని, పక్కింట్లో కబుర్లకి కూర్చునేదాన్ని, ఈ గది, ఈ బల్ల, ఈ కత్తెర అన్నీ అక్క చేతికి అందేంత దగ్గరగానే ఉండేవి, చూపు తనకే బాగుంది, నా వరసలు ఎంత వంకరో నాకన్నా తనకే తెలుసు, తడుముకుంటూ పోతే గింజలన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి, పాతవీ కొత్తవీ, ఇన్నాళ్ళుగా నా కుట్టు ఒక్కటి కూడా అక్క విప్పలేదు.