ఖాళీ తొట్టిలో మేత

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక వచ్చే సందులో, కళ్ళజోళ్ళ దుకాణం పై అంతస్తులో, విద్యాసాగర్ పెళ్ళి సంబంధాలు కుదిర్చే ఆఫీసు నడుపుతున్నాడు. వాళ్ళ నాన్నదీ అదే పని. కాకపోతే ఆయన సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. విద్యాసాగర్ తిరగడు, కూర్చుంటాడు. ఆడపిల్ల తరఫు వాళ్ళూ మగపిల్లాడి తరఫు వాళ్ళూ వచ్చి అతని ముందు గదిలో ఎదురెదురు సోఫాల్లో కూర్చుంటారు.

ఆ సోఫాలతోనే చిక్కొచ్చింది. ఎదురెదురుగా కూర్చున్న వాళ్ళకు ఒకరినొకరు చూసుకోవడం తప్ప వేరే పని ఉండదు. చూస్తూ కూర్చుంటే ఏదో ఒకటి కనబడుతుంది. ఒకావిడ చెప్పుల మడమ ఒకవైపే అరిగిందనీ, ఒకాయన చెవుల్లో వెంట్రుకలున్నాయనీ, నోరు విప్పకముందే సంబంధాలు పోయేవి. చూపు నిలపడానికి గదిలో ఇంకేదైనా ఉంటే మేలనుకుని విద్యాసాగర్ చేపల తొట్టి కొన్నాడు. దుకాణం వాడు గాజు తొట్టి, అడుగున పరిచే గులకరాళ్ళు, లోపల స్పాంజి ఉన్న ఫిల్టరు, ఒక ప్లాస్టిక్ మొక్క ఇచ్చి, వాటితోపాటే నీళ్ళ సంచిలో చేపల్ని కూడా కట్టిచ్చాడు. నీళ్ళు పోసి చేపల్ని వదిలితే చాలన్నాడు. విద్యాసాగర్ నల్లా నీళ్ళు పోసి వదిలాడు.

విద్యాసాగర్‌కు శుభ్రత అంటే ప్రాణం. ప్రతి ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, పాత నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళను బియ్యం కడిగినట్టు కడిగేవాడు. స్పాంజిని నల్లా కింద పెట్టి, తెల్లటి నీళ్ళు వచ్చేదాకా పిండేవాడు. గాజును లోపలా బయటా తోమేవాడు. బాల్కనీలోంచి కారిన నీళ్ళు కింద ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మీద పడితే, పుస్తకాల వాళ్ళు తలెత్తి అతని వంశం గురించి మాట్లాడేవారు. అతను వినిపించుకునేవాడు కాదు. తొట్టి అద్దంలా మెరిసేది. చేపలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయేవి.

పొద్దున్నే ఊడ్చడానికి వచ్చే కిష్టవ్వ తేలిన చేపను చేటలోకి తీసి, "గిది గూడ పాయె" అని చెప్పేది. విద్యాసాగర్ చేపల దుకాణానికి పోయి అదే రంగు, అదే సైజు చేపను తెచ్చి వదిలేవాడు. పెళ్ళి మాటలు జరిగే చోట చావు కనబడకూడదన్నది అతని పట్టుదల. ఆఫీసు తెరిచే వేళకు తొట్టి నిండుగా ఉండేది. ఎవరికీ అనుమానం రాలేదు. "మీ చేపలు ఎంత కాలం బతుకుతున్నాయండీ" అని మెచ్చుకున్న వాళ్ళు కూడా ఉన్నారు.

అలాంటి రోజుల్లోనే అమరేశ్వరరావు కొడుకు సంబంధం వచ్చింది. అమరేశ్వరరావు తండ్రి గుడివాడ నుంచి, యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు సర్కారు ఉద్యోగంతో హైదరాబాదు వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డాడు. అమరేశ్వరరావు అక్కడే పుట్టాడు, అక్కడే ఉద్యోగం చేశాడు, అక్కడే రిటైరయ్యాడు. కొడుకు మణిదీప్ ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తున్నాడు. అమ్మాయి ప్రణవి నీటి పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగి. తల్లి శంకరమ్మది పాత హైదరాబాదు కుటుంబం, కోఠిలో టీచరు.

ఆ రోజు మాటలు బాగా సాగాయి. జాతకాలు కలిశాయి. అమ్మాయి ఉద్యోగం మానక్కర్లేదని అమరేశ్వరరావే ముందుగా అన్నాడు. శంకరమ్మ ముఖం విప్పారింది. విద్యాసాగర్ మిఠాయి డబ్బా కోసం లేవబోతుండగా, తొట్టిలో నారింజ రంగు చేప పక్కకు ఒరిగి, ఒకసారి తోక ఆడించి, తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలింది.

గదిలో అందరూ చూశారు. అందరూ చూడాలనే కదా ఆ తొట్టిని అక్కడ పెట్టింది.

"నేను మూఢనమ్మకాలున్నవాణ్ణి కాదండీ" అన్నాడు అమరేశ్వరరావు.

"ఎరికేనండీ" అన్నాడు విద్యాసాగర్.

"కానీ సరిగ్గా సరే అనుకునే సమయానికి ప్రాణం పోయింది చూశారూ." ఆయన లేచాడు. కండువా సర్దుకున్నాడు. "ఏమనుకోకండి శంకరమ్మగారూ. మనసు ఒప్పుకోవడం లేదు."

మణిదీప్ తండ్రిని చూశాడు, ప్రణవిని చూశాడు, తర్వాత తనూ లేచాడు. ఇద్దరూ మెట్లు దిగిపోయారు. ఒక చేప కోసం తన బిడ్డను కాదన్నారని శంకరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ప్రణవి ఏడవలేదు. తొట్టి దగ్గరికి పోయి వంగి చూస్తోంది.

"సార్, ఈ నీళ్ళు ఎన్నడు మార్చిన్రు?"

"మొన్న ఐతారం. ప్రతి ఐతారం మారుస్తనమ్మా."

"మొత్తమా?"

"చుక్క మిగలనియ్య."

"స్పాంజి?"

"నల్లా కింద పెట్టి పిండుత. మల్లెపూవు లెక్క అయితది."

ప్రణవి నడుం నిటారుగా చేసుకుంది. "అయితే చేపలను మీరే చంపుతున్నరు సార్."

"నేను గుడ్డు గూడ ముట్టనమ్మా" అన్నాడు విద్యాసాగర్.

ఆమె తల్లి పక్కన కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషికి కాకుండా తొట్టికి చెబుతున్నట్టు, నెమ్మదిగా చెప్పింది. చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేతా కుళ్ళి నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. దాన్ని తినే మంచి సూక్ష్మజీవులుంటాయి. అవి గులకరాళ్ళ మీదా, ముఖ్యంగా స్పాంజిలోనూ కాపురం పెడతాయి. ఒక రకం అమ్మోనియాను తిని ఇంకో విషంగా మారుస్తుంది. ఇంకో రకం ఆ విషాన్ని తిని, చేపకు పెద్దగా హాని చెయ్యనిదిగా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ రెండూ ఉండవు. పుట్టి పెరగడానికి వారాలు పడుతుంది.

"మీరేమో ప్రతి ఐతారం వాటిని కడిగి పారబోస్తున్నరు. మిగిలినవాటిని నల్లా నీళ్ళల్ల క్లోరిన్ చంపుతది."

విద్యాసాగర్ తన చేతుల వంక చూసుకున్నాడు. అవి చాలా శుభ్రంగా ఉన్నాయి.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు" అంది ప్రణవి. "అదే మీకు కష్టమైతది."

మిగిలిన చేపల్ని ఆమె తన ఇంటి తొట్టిలో ఉంచుకోవడానికి తీసుకుపోయింది. మర్నాడు సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ తన తొట్టి ఫిల్టరులోని నల్లటి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి, విద్యాసాగర్ ఫిల్టరులో దోపింది. క్లోరిన్‌ను విరిచే మందు చుక్కలు నీళ్ళలో వేసింది. ఫిల్టరు ఆపకూడదంది. కడగకూడదంది. రోజూ చిటికెడు మేత మాత్రం వెయ్యమంది. చేపలు లేని తొట్టిలో మేతెందుకని విద్యాసాగర్ అడగబోయి ఊరుకున్నాడు. సూక్ష్మజీవులకూ ఆకలుంటుందని ఈపాటికి అతనికి అర్థమైంది.

మర్నాడు పొద్దున అతను మేత చల్లుతుంటే కిష్టవ్వ చీపురు ఆపింది.

"ఎవలకేస్తున్నవయ్యా?"

"ఉన్నయవ్వా. కనబడవు."

కిష్టవ్వ తొట్టిలోకి చూసింది, అతన్ని చూసింది, ఆ మూల ఊడ్చకుండా వెళ్ళిపోయింది.

తరువాతి వారాలు విద్యాసాగర్‌కు గడ్డుగా గడిచాయి. నీళ్ళు పాల విరుగుడులా తెల్లబడ్డాయి. రాళ్ళ మీద గోధుమరంగు పొర పట్టింది. ఆదివారాలు అతని చేతులు బకెట్ వైపు వాటంతటవే పోయేవి. ఆ చేతుల్ని జేబుల్లో పెట్టుకుని, కిందికి దిగి, పాత పుస్తకాల మధ్య తిరిగి, అక్కర్లేని నిఘంటువులు కొనుక్కొచ్చుకునేవాడు. సంబంధాల కోసం వచ్చిన వాళ్ళు మురికి నీళ్ళ తొట్టి వైపు చూసి చేపలేవని అడిగేవారు. "ఇంకా రాలే" అనేవాడు. ఆ మాట విన్న ఒక పెద్దావిడ వాళ్ళెప్పుడొస్తారని అడిగింది. పెళ్ళివారనుకుంది కాబోలు. విద్యాసాగర్‌కు మతి చలించిందని కింద కళ్ళజోళ్ళ దుకాణంలో అనుకుంటున్నారన్న కబురు కిష్టవ్వే మోసుకొచ్చింది.

ప్రణవి అప్పుడప్పుడూ వచ్చి గాజు గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసేది. మొదట్లో గొట్టం ముదురు ఆకుపచ్చగా మారేది. ఆకుపచ్చ అంటే అమ్మోనియా ఉన్నట్టు. పసుపు అంటే లేనట్టు. విద్యాసాగర్ పరీక్ష ఫలితాల రోజు తండ్రిలా ఆమె భుజం వెనక నిలబడేవాడు.

ఒకరోజు అమరేశ్వరరావు మళ్ళీ వచ్చాడు. వేరే సంబంధం చూడమన్నాడు. ఏదో ఒక పేరు చెప్పి పని చూసుకోవడం విద్యాసాగర్‌కు నిమిషం పని. కానీ ఆ పిల్ల పని మానుకుని వచ్చి తన మురికి నీళ్ళను పరీక్షిస్తుంటే, అతనికి అలా చెయ్యబుద్ధి కాలేదు.

"ఆ చేప శకునం గాదు సార్. దాన్ని నేనే చంపిన" అన్నాడు.

అమరేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. విద్యాసాగర్ కడగడం గురించీ, స్పాంజి గురించీ అంతా చెప్పాడు. చచ్చినవాటి స్థానంలో కొత్తవి తెచ్చి పెట్టిన సంగతి కూడా చెప్పాడు.

"అంటే అంతకుముందు కూడా చచ్చాయా?"

"మస్తు చచ్చినయి సార్."

"ఆ రోజుల్లో ఇక్కడ సంబంధాలు కుదిరాయా?"

"కుదిరినయి."

"ఆ పిల్లలు ఎలా ఉన్నారు?"

"అందరు మంచిగనే ఉన్నరు. ఒకలకు కవలలు."

అమరేశ్వరరావు తొట్టి వైపు తిరిగాడు. ఆయన లెక్క ఎక్కడో తప్పింది. ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు పెదవులు కదిలాయి. చివరికి, "మరి ఆ అమ్మాయికి ఇంకా కుదరలేదు కదా?" అన్నాడు.

విద్యాసాగర్ ఫోన్ చేస్తే ప్రణవి ఒక్కటే అంది. "ఆయన కొడుకును ఒక్కన్నే రమ్మనండి."

మణిదీప్ ఆఫీసు నుంచి సరాసరి వచ్చాడు. ప్రణవి గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉంది. కూర్చోమనలేదు.

"ఆ రోజు మీరేం మాట్లాడలే."

"మాట్లాడలేదు."

"ఎందుకు?"

"నాన్నగారు లేచారు. నేనూ లేచాను. మెట్లు దిగాక తెలిసింది, నాకు లేవాలని లేదని."

ప్రణవి గొట్టాన్ని కిందికి దించింది. నీళ్ళు పసుపు రంగుకు మారాయి. విద్యాసాగర్ పక్క గదిలోంచి తొంగిచూసి ఆ రంగు చూసి సంతోషించాడు. మిగతా సంగతి అతనికి అంతుపట్టలేదు. ఆమె అవుననలేదు, కాదనలేదు. మళ్ళీ కలుద్దామని మాత్రం అంది. ఆ తర్వాత ఇద్దరూ కొన్నిసార్లు నాంపల్లి స్టేషన్ ఎదుట టీ తాగుతూ కనబడ్డారని విద్యాసాగర్‌కు తెలిసింది. ఆ పనిలో ఉన్నవాడికి అలాంటివి తెలుస్తాయి.

నీళ్ళు నిలకడగా ఉన్నాయని రూఢి చేసుకున్నాక, ప్రణవి గప్పీలనే చిన్న చేపలు కొన్ని తెచ్చింది. సంచిని విప్పకుండా కాసేపు తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యాక వదిలింది. ఎక్కువ మేత వెయ్యొద్దని, నీళ్ళు కొంచెం కొంచెంగా మాత్రమే మార్చమని, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే మెల్లగా పిండమని చెప్పింది. విద్యాసాగర్ అలాగే చేశాడు. చేపలు చావలేదు. అతనికి నమ్మకం కుదరక రోజూ పొద్దున్నే లెక్కపెట్టుకునేవాడు.

వానాకాలం మధ్యలో అమరేశ్వరరావు ఇక ఆగలేక, రెండు కుటుంబాలూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకుందామన్నాడు. కూర్చున్న రోజు పొద్దున వానకు సందులో ట్రాన్స్‌ఫార్మర్ కాలి కరెంటు పోయింది. మధ్యాహ్నమైనా రాలేదు. ఫిల్టరు ఆగిపోయి, ఉక్కపోతకు నీళ్ళు వెచ్చబడ్డాయి. అందరూ వచ్చేసరికి గప్పీలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"గాలి అందుతలేదు" అంది ప్రణవి. "నీళ్ళు ముంచి పైకెల్లి పొయ్యాలె. కరెంటొచ్చేదాంక."

విద్యాసాగర్ మగ్గు తెచ్చాడు. మణిదీప్ చొక్కా చేతులు మడిచి మగ్గు అందుకున్నాడు. తొట్టిలో ముంచి, ఎత్తు నుంచి సన్నటి ధారగా పోయడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక ప్రణవి తీసుకుంది. ఆమె చెయ్యి నొప్పిపుడితే అతను. శంకరమ్మ తువ్వాలుతో నేల తుడిచింది.

అమరేశ్వరరావు వాచీ చూసుకున్నాడు. "ఇంకాసేపట్లో దుర్ముహూర్తం వస్తోంది. ముందు ఆ మాట తేల్చేద్దాం. చేపలెక్కడికీ పోవు."

మణిదీప్ ధార ఆపలేదు. వెనక్కి తిరగలేదు.

"పోతాయి నాన్నగారూ. మీరు కాసేపు కూర్చోండి."

కొడుకు నోట ఆ మాట అమరేశ్వరరావు ముందెప్పుడూ వినలేదు. కోపం తెచ్చుకోవాలో లేదో తేల్చుకోలేక, దగ్గర్లో సోఫా ఉంది కాబట్టి కూర్చున్నాడు.

చాలాసేపటికి కరెంటొచ్చింది. ఫిల్టరు గుడగుడలాడి బుడగలు వదిలింది. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మణిదీప్ ఇంకా పోస్తూనే ఉన్నాడు.

"చాలు. వచ్చింది కరెంటు" అంది ప్రణవి.

"చూసుకోలేదు."

ఆమె అతని చేతిలోంచి మగ్గు తీసుకుని బోర్లించింది. "ఐతారం మా ఇంటికి రండి. మా తొట్టి చూద్దురు గాని" అంది. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, వీళ్ళకు భోజనం మన ఇంట్లనే" అంది.

శంకరమ్మకు అర్థమైంది. తడి తువ్వాలును ఒళ్ళో పెట్టుకుని, అలాగే కూర్చుండిపోయింది. విద్యాసాగర్‌కు ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. మిఠాయి డబ్బా కోసం లేచాడు.

అమరేశ్వరరావు మళ్ళీ వాచీ చూసుకున్నాడు. దుర్ముహూర్తం ఎప్పుడో మొదలైంది. ఆయన వాచీని చొక్కా చేతి కిందికి తోసి, కిందనుంచి టీ తెప్పించగలరా అని విద్యాసాగర్‌ను అడిగాడు.