గంధకం పొయ్యి

పంచదార మిల్లులో మరిది గంధకం పొయ్యి ముందు కుప్పకూలితే, మేస్త్రీ అతన్ని దాటుకుంటూ వెళ్లి ముందు పొయ్యి మూత బిగించాడు. పొగంతా చెరుకు రసంలోకి పోవాలి. అప్పుడే పంచదార తెల్లగా మల్లెపువ్వులా వస్తుంది.

బస్తాలు కుట్టే చోటి నుంచి పరుగెత్తుకొచ్చిన వదిన అది కళ్లారా చూసింది. ఆడవాళ్లంతా కలిసి అతన్ని బయటికి ఈడ్చుకొచ్చారు. ఆ దగ్గు ఆమె ఎరిగినదే. అచ్చం నిరుడు పోయిన తన భర్త దగ్గు. అన్నను పొట్టన పెట్టుకున్న పొయ్యి దగ్గరే తమ్ముణ్ణి పనికి పెట్టారు. రాత్రిళ్లు ఇంట్లో గోడ అవతల మరిది దగ్గినప్పుడల్లా ఆమె నిద్రమత్తులో లేచి మంచం పక్కన మంచినీళ్లు పెట్టేది. పెట్టాక గుర్తొచ్చేది, మంచం ఖాళీ అని.

"ఈ పొగ ఎంతుందో కొలవండి బాబూ," అంది మిల్లు ల్యాబులో సరుకు పరీక్షించే ఆయనతో.

"మేం పంచదారలో గంధకం కొలుస్తామమ్మా. ఎక్కువైతే సరుకు తిరిగొస్తుంది. గాలి మా పని కాదు."

"తినేవాళ్లకి హద్దుంది. పీల్చేవాళ్లకి లేదా?"

ఆయన పంచదార సీసా మీద చీటీ అంటించాడు.

టీ వేళ కుళాయి దగ్గర కూలీలందరూ గుమిగూడారు.

"గొట్టం వేసి పొగ బయటికి పంపాలి. ముసుగులివ్వాలి. అప్పటిదాకా పొయ్యిలో గంధకం పడకూడదు," అంది వదిన.

"మిల్లు ఆగితే పిల్లలకేం పెడతావు, నీ ఉపన్యాసమా?" బస్తాలు మోసే లోడింగువాడు అరిచి, దగ్గు తెరలో చిక్కుకున్నాడు.

"ముందు నీ దగ్గు ఆపుకోరా, తర్వాత మిల్లు సంగతి చూద్దాం," అంది బస్తాలు కుట్టే ముసలమ్మ.

అందరూ నవ్వారు. నవ్వు దగ్గయింది.

"వదినా, నా ఉద్యోగం పోగొట్టకు," అన్నాడు మరిది.

"మీ అన్న కూడా ఇదే మాట అన్నాడు."

ఆ పూట ఎవరూ గంధకం వెయ్యలేదు, పొయ్యి చల్లారింది. మర్నాటికి బెల్టు మీద పంచదార పచ్చబడి వచ్చింది. మేనేజరు గుప్పెడు తీసి నేలకు కొట్టాడు.

"ఈ చెత్త ఎవడు కొంటాడు?"

అతను పిలిపించిన పోలీసులొచ్చి వదిన రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించారు. మేనేజరు మరిది చేతికి పార ఇచ్చాడు.

"నువ్వెయ్యి గంధకం. రేపే పర్మనెంటు చేస్తా."

మరిది పార అందుకుని పొయ్యి గదివైపు నడిచాడు. వ్యాను కిటికీలోంచి చూస్తున్న వదిన కళ్లు మూసుకుంది. ఇనుప తలుపు ధడేల్మంది.

కళ్లు తెరిచేసరికి అతను బయటే ఉన్నాడు. తలుపు మూసి, గడియలో పార దూర్చి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. లోడింగువాడు వచ్చి పక్కన చేరాడు. ముసలమ్మ చీర సర్దుకుని వాళ్ల ముందు చతికిలబడింది.

వ్యాను గేటు దాటేటప్పటికి పొయ్యి గది గుమ్మం కనబడనంత మంది కూర్చున్నారు.