లైసెన్సు పరీక్షకు వెళ్లిన వల

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: దెబ్బతిన్న కుడి భుజాన్ని గోడకు ఆనించి కూర్చున్న పోశెట్టి, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్న అతని భార్య సాయవ్వ, మంచం మీద కాళ్లు పైకి పెట్టుకొని కూర్చున్న పోశెట్టి అన్న గంగారాం, గుమ్మంలో నిలబడి సెల్‌ఫోను చూసుకుంటున్న గంగారాం కొడుకు నరేందర్. గోడ మేకుకు వేలాడుతూ నేను. నేను ఒక విసురు వలను.

ఇంట్లో లేనిది రవళి ఒక్కతే. పోశెట్టికి ఆమె ఒక్కగానొక్క కూతురు. ఈ మధ్యే పద్దెనిమిది నిండాయి. చేపల లైసెన్సు కోసం దరఖాస్తుకు ఫొటోలు అంటించాలని చెప్పి పొద్దున్నే తండ్రే ఆమెను మండలానికి పోయే బస్సు ఎక్కించాడు. ఆమె వెళ్లాకే వీళ్లంతా వచ్చి కూర్చున్నారు. మనుషులు ఒకరి ముందు ఒకరు ఎంతో మొహమాటపడతారు గాని, గోడకు వేలాడే వస్తువుల ముందు దేనికీ మొహమాటపడరు.

ముందు నా పుట్టుక గురించి చెప్పాలి. మా ఊరి పక్కన నది మీద కట్టిన ప్రాజెక్టులో వానాకాలం మొదట్లో చేపలు పట్టకూడదు. అవి గుడ్లు పెట్టే కాలం. పుట్టిలనే గుండ్రటి పడవలన్నీ గట్టు మీద బోర్లా పడుకునే ఆ రోజుల్లో, పోశెట్టి ఇంటి అరుగు మీద కూర్చొని నైలాన్ దారంతో నన్ను అల్లాడు. నా కన్నుల్లో మూడు వేళ్లు సులువుగా దూరతాయి. అంతకంటే చిన్న కన్నులుంటే పిల్లచేపలు చిక్కుకుంటాయని సర్కారు రూలు పెట్టింది. చేపపిల్లల గురించి కూడా మనుషులు ఇంత ఆలోచిస్తారా అని నాకు అప్పట్లో చాలా ముచ్చట వేసేది. గంగారాం మాత్రం దోమతెరలాంటి వల వేసి, అదీ నిషేధం ఉన్న నెలలో వేసి పట్టుబడ్డాడు. అతని లైసెన్సు రద్దయింది. గిట్టనివాళ్లు పట్టించారని ఇప్పటికీ అందరితో చెప్పుకుంటాడు.

నా అంచు చుట్టూ సీసపు గుండ్లు కట్టింది రవళి. అప్పుడు ఆమె ఆరో తరగతి. గుండు గుండుకూ ముడి వేసి, పళ్లతో బిగించేది. ఆ తర్వాత చాలా ఏళ్లు పోశెట్టి భుజం మీదే నా బతుకు గడిచింది. ఒకసారి గట్టు రాళ్ల మీద పాచికి కాలు జారి ఆయన కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతికింది గాని, చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. వల విసిరేవాడికి చెయ్యి లేవకపోతే ఇంకేముంది.

అప్పుడు నన్ను భుజాన వేసుకున్నది రవళి. మొదటిసారి విసిరినప్పుడు తడిసిన గోనెసంచి పడ్డట్టు నీళ్లలో ముద్దగా పడ్డాను. పక్క పుట్టిలలోని మగవాళ్లు పగలబడి నవ్వారు. రవళి మాట్లాడే పిల్ల కాదు. బడిలో హాజరు చెప్పడానికి కూడా గొంతు పెగిలేది కాదని సాయవ్వ అంటుంటుంది. ఆ నవ్వుల మధ్యే నన్ను లాగి, పిండి, మళ్లీ భుజాన వేసుకుంది. ఆ చలికాలం అయ్యేసరికి ఆమె చేతిలో నేను పళ్లెంలా గుండ్రంగా విచ్చుకుంటున్నాను. సాయవ్వ పుట్టి నడిపేది, రవళి నన్ను విసిరేది, పోశెట్టి మెడలో లైసెన్సు కార్డు వేసుకొని గట్టు మీద కూర్చునేవాడు. రెండేళ్లు ఇలాగే గడిచాయి. లైసెన్సు ఒడ్డున కూర్చుంటే చేపలు నీళ్లలో దొరికేవి. అడిగేవాళ్లెవరూ లేరు.

ఈ ఏడు కొత్త అధికారి వచ్చాడు. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లే వల విసరాలన్నాడు. పోశెట్టి లైసెన్సు నిలవాలంటే రక్తసంబంధీకుల్లో ఒకరి పేరు మీదికి మార్చుకోవాలి. వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండాలి, ఈ ఊళ్లోనే ఉండాలి, ఏడాది ఫీజు కట్టాలి, అన్నిటికంటే ముఖ్యంగా అధికారి ముందు పరీక్ష నెగ్గాలి. ఈదాలి, పుట్టి నడపాలి, చిరిగిన వల అల్లాలి, వల విసరాలి. ఊరి మత్స్యకారుల సంఘంలో ఉన్న లైసెన్సులు ఇన్నేనని సర్కారు లెక్క. ఇది పోతే మళ్లీ కొత్తది రాదు.

పోశెట్టి ఆ రోజే కూతురిని పిలిచి చెప్పాడు. "నీ పేరు మీదనే చేపిస్త బిడ్డా. రెండేండ్ల సంది నువ్వే కదా సాదుతున్నవ్." ఫీజు కోసం సాయవ్వ బీడీల డబ్బు కొంచెం కొంచెం దాచింది. రవళి ఆ రోజంతా ఏ పని చేస్తున్నా పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటూనే ఉంది. నీళ్ల మీద తన పేరు ఉండటమంటే ఏమిటో నాకు తెలియదు. ఆమె ముఖం చూస్తే అది పెద్ద సంగతే అనిపించింది.

సరే, ఆ మధ్యాహ్నం సంగతికి వస్తాను. గంగారాం చాలాసేపు ఎండల గురించి, ఎరువుల గురించి మాట్లాడి, చివరికి అసలు మాటకు వచ్చాడు. ఆడపిల్ల రేపు లగ్గం చేసుకొని వేరే ఊరు పోతే ఈ ఊరి లైసెన్సు చెల్లదు, ఉన్న ఒక్కటీ పోగొట్టుకున్నట్టవుతుంది, నరేందర్ పేరు మీద చేయిస్తే మన రక్తంలోనే ఉంటుంది అన్నాడు. పోశెట్టి దెబ్బతిన్న భుజాన్ని నిమురుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు గంగారాం గొంతు తగ్గించాడు.

"నీకు కొడుకు లేడు తమ్మీ. రేపు నీకేమన్న అయితే ముందల కుండ పట్టుకొని నడిచేది మా నరేందరే. వాని మొకం జూడు."

బీడీ ఆకు కత్తిరిస్తున్న సాయవ్వ తల ఎత్తకుండానే అంది. "బతికున్నోళ్ల నోట్లెకు అన్నం వెడుతున్నది నా బిడ్డ. సచ్చినంక కుండ సంగతి సచ్చినంక జూద్దాం బావా."

"నువ్వూకో," అన్నాడు పోశెట్టి.

ఆ రెండు ముక్కలతో అంతా అయిపోయింది. ఇక మిగిలిందల్లా నరేందర్‌కు వల విసరడం రాకపోవడమే. దానికీ గంగారాం దగ్గర ఉపాయం ఉంది. రవళే నేర్పుతుంది. పుట్టిలో తోడుగా ఉండేవాడు కూడా పరీక్షకు నిలబడాలని ఆమెతో చెబితే సరిపోతుంది. నరేందర్ ఫోనులోంచి తల ఎత్తి, "నాకెందుకు బాపూ ఈ నీళ్ల పని," అన్నాడు. తండ్రి ఒక చూపు చూసేసరికి మళ్లీ ఫోనులోకి దిగిపోయాడు.

సాయంత్రం రవళి ఫొటోలతో వచ్చింది. ఫొటోలో కళ్లు మరీ పెద్దగా తెరిచానని, బెదిరిన మేకలా ఉన్నానని తల్లితో చెప్పుకొని సిగ్గుపడింది. పోశెట్టి ఆ ఫొటోలు తీసుకొని, "మంచిగనే ఉన్నవ్ బిడ్డా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఫొటోనే చూశాడు గాని పక్కనే ఉన్న ఆమెను చూడలేదు. తర్వాత వాటిని అంగీ జేబులో పెట్టుకున్నాడు. సాయవ్వ ఏదైనా చెబుతుందేమోనని నేను ఆశపడ్డాను. ఆమె నోరు తెరిచింది. పోశెట్టి దగ్గాడు. ఆమె మళ్లీ ఆకు మీదికి వంగింది.

మరుసటి రోజు నుంచి పాఠాలు మొదలయ్యాయి. రవళి అన్నకు ఎంత ఓపికగా నేర్పిందో చెప్పలేను. నా తాడు ఎడమ మణికట్టుకు ఎలా తగిలించుకోవాలి, ఎంత భాగం మోచేతి మీద వేసుకోవాలి, ఒక గుండును పళ్ల మధ్య ఎలా పట్టుకోవాలి, దాన్ని ఏ క్షణంలో వదలాలి, ఒక్కొక్కటీ చూపించింది. నలుగురిలో నోరు విప్పని పిల్ల వల గురించి చెప్పాల్సి వస్తే ఇంతలా మాట్లాడుతుందని నాకూ అప్పుడే తెలిసింది.

"చేతులతోని కాదన్నా, నడుముతోని ఇసురు. నడుము తిరుగాలె."

"నేనేమన్న బతుకమ్మ ఆడుతున్ననా నడుము తిప్పతందుకు?"

"ఆడు మరి. వలతోని బతుకమ్మ ఆడితేనే చేపలు వడుతయ్."

అతను నవ్వి తిప్పాడు. నేను ముద్దగా పడ్డాను. మళ్లీ విసిరాడు, మళ్లీ అలాగే పడ్డాను. ఒకసారి పళ్ల మధ్య గుండును వదలడం మరిచిపోయి పన్ను ఊడినంత పని చేసుకున్నాడు. రవళి నవ్వు ఆపుకోలేక పుట్టి అంచు పట్టుకొని కూర్చుండిపోయింది. నరేందర్ చెడ్డవాడని నేను చెప్పను. ఒకరోజు నా చిక్కు విడదీస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"చెల్లే, నీకు లైసెన్స్ రాలేదనుకో. ఏం జేస్తవ్?"

"నాకెందుకు రాదు?"

"ఊకనే అడిగిన."

"ఊర్లె నాకన్న మంచిగ ఇసిరేటోళ్లు ఎవలున్నరో చెప్పు," అంది రవళి. అంత గొప్ప మాట ఆమె తన గురించి తాను అనుకోవడం నేనెప్పుడూ వినలేదు. అని, తానే సిగ్గుపడి నీళ్లలో చెయ్యి ముంచి ముఖం కడుక్కుంది. నరేందర్ మళ్లీ నా చిక్కు మీదికి వంగాడు. చెప్పడానికి అతనికి అంతకంటే మంచి సమయం దొరికేది కాదు.

పరీక్ష రోజు గట్టు మీద షామియానా వేశారు. అధికారి కుర్చీలో కూర్చొని వచ్చిన వలల కన్నులు ఒక్కొక్కటీ కొలిపించాడు. నాలో అతనికి ఏ వంకా దొరకలేదు. రవళి జడ గట్టిగా అల్లుకొని, చున్నీని నడుముకు బిగించి, సాయవ్వ పక్కన నిలబడింది. అక్కడ పరీక్షకు వచ్చినవాళ్లలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. నా అంచును పట్టుకొనే నిలబడింది.

నరేందర్ పేరు పిలిచారు. తోడు మనిషిని ముందు పిలుస్తారు కాబోలు అనుకుంది రవళి. అతను నన్ను భుజాన వేసుకుంటే మడత ఎడమ వైపు జారింది. ఆమె గబగబా ముందుకు వెళ్లి మడత సర్ది, "నడుము," అని చిన్నగా గుర్తు చేసి వచ్చింది. అతను ఈదాడు, పుట్టి నడిపాడు, నాకు పడిన చిరుగును ఎలాగో అల్లాడు. చివరికి పుట్టిలో నిలబడి విసిరాడు. ఆ విసురులో మోచెయ్యి రవళిది, నడుము రవళిది, గుండు వదిలిన క్షణం కూడా రవళిదే. వల చేతిని బట్టి విచ్చుకుంటుంది గాని పేరును బట్టి కాదు. నేను గుండ్రంగా విచ్చుకొని నీళ్ల మీద పడ్డాను. గట్టు మీద అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రవళి.

ఇంకొందరిని పిలిచారు. అధికారి కాగితాలు మడిచి లేచాడు. షామియానా తాళ్లు విప్పడం మొదలుపెట్టారు.

రవళి తండ్రి దగ్గరికి వెళ్లింది. "బాపూ, నా పేరు పిలువలే."

పోశెట్టి నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరీ అమ్మాయి అని అధికారి అడిగాడు. గంగారాం చేతులు కట్టుకొని, "మా తమ్ముని బిడ్డె సార్. పోరనికి సాయం వచ్చింది," అన్నాడు. మంచిది అన్నట్టు తల ఊపి అధికారి జీపు ఎక్కాడు. రవళి జీపు వెంట నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. నరేందర్ నన్ను భుజాన వేసుకున్నాడు. నాలోంచి కారుతున్న నీళ్లు అతని అంగీని తడుపుతున్నా, అతను దులుపుకోలేదు.

ఊరి దారిలో సాయవ్వ అప్పుడు నోరు విప్పింది. ఫొటోలకు పంపిన రోజు ఇంట్లో జరిగిందంతా కూతురికి చెప్పింది. పోశెట్టి, నన్ను మోస్తున్న నరేందర్ కాస్త ముందు నడుస్తున్నారు గాని, నాకు అన్నీ వినబడుతున్నాయి. కొంత దూరం పోయాక రవళి పరుగులాంటి నడకతో వచ్చి తండ్రిని అందుకుంది.

"కుండ నేను వట్టుకుంటుంటి కదా బాపూ. ఒక్క మాట నన్ను అడుగకపోతివి."

పోశెట్టి నడక ఆపలేదు. పక్కనే నడుస్తున్న నరేందర్ నన్ను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

నన్ను గంగారాం ఇంటికి తీసుకుపోయారు. ఆ ఇంటికి నేను రావడం అదే మొదలు. గోడకు మేకు లేకపోతే గంగారాం అప్పటికప్పుడు ఒకటి కొట్టించాడు. పొద్దు గూకే వేళకు కోడికూర ఉడికింది, కల్లు వచ్చింది. పోశెట్టిని పీట మీద కూర్చోబెట్టి, ముందు ఆయన విస్తరిలోనే వడ్డించారు. ఇంత మర్యాద ఆ ఇంట్లో ఆయనకు ఎప్పుడూ జరిగి ఉండదు. తినబోతుండగా గుమ్మంలో రవళి వచ్చి నిలబడింది. చున్నీ ఇంకా నడుముకే ఉంది.

"నా వల ఇయ్యిండ్రి పెద్దబాపూ. తీస్కపోత," అంది.

గంగారాం మెల్లగా నవ్వాడు. "లైసెన్స్ ఉన్నోని దగ్గర వల ఉండాలె బిడ్డా. నీ దగ్గర ఉంటే రేపు కేసు వెడతరు. మా పోరనికి తోడుగా పుట్టిలకు రా, నువ్వే ఇసురుదువు. కాదన్నదెవరు?"

నరేందర్ విస్తరి మీదినుంచి తల ఎత్తలేదు. రవళి తండ్రినే చూస్తోంది. నోట్లో పెట్టుకోబోయిన ముద్దను పోశెట్టి విస్తరిలోనే వదిలేసి లేచాడు. ఇప్పుడైనా నన్ను మేకు మీది నుంచి దించుతాడని నేను అనుకున్నాను. ఆయన నా పక్క నుంచే నడిచి గుమ్మం దాకా వెళ్లాడు.

"ఇంటికి పో బిడ్డా. పొద్దటి సంది ఏం తినలే నువ్వు. పోయి తిను," అన్నాడు.

ఆమె కదల్లేదు. పోశెట్టి ఎడమ చెయ్యి చాపి, ఆమె ముఖం మీదనే తలుపు మూశాడు.