రాజక్క పథ్యం పట్టిన పన్నెండు రోజులు

కేసముద్రం మార్కెట్ యార్డులో రాజక్కది చాట పని. కాంటా అయ్యాక కింద చెదిరిన వడ్లు ఊడ్చి, చెరిగి, ఎత్తాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. యార్డు కార్డు మీద పేరున్నవాళ్లకే ఆ పని దొరుకుతుంది. ఆమె కూతురు స్నేహలత ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. చదివింది బీకామే అయినా, ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఏ గోలీ ఎప్పుడు వేయాలో చెప్పాల్సింది ఆమే.

తల్లికి ముక్కు బిగుసుకుని తలనొప్పి మొదలైన మర్నాడే స్నేహలత పథ్యం పెట్టించింది. ఆ ఇంట్లో జబ్బుకు మొదటి మందు అదే. పాలు, పెరుగు, గుడ్డు, వంకాయ, అరటిపండు అన్నీ ఆపించింది. యార్డుకు పోవద్దంది. మెడికల్ షాపులో అడిగి తుమ్ముల గోలీ కూడా తెచ్చింది. ఏ రోజు ఏం మానిందో నోటుబుక్కులో రాసుకుంది. ఐదో రోజుకు రాజక్క తేలికపడింది. పెరుగు మానడం వల్లేనని స్నేహలత గట్టిగా నమ్మింది. ఎనిమిదో రోజు జ్వరంతో పాటు నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. ముక్కులోంచి చిక్కగా, పచ్చగా కారసాగింది. పెరుగు చుక్క ముట్టకపోయినా ఎందుకొచ్చిందో ఆమెకు అంతు పట్టలేదు.

యార్డులో రాజక్కతో పాటే పనిచేసే చిలుకమ్మ చూడటానికి వచ్చింది.

"ఇది దుమ్ము ఎలర్జీనే. మా మరదలికి గిట్లనే అయితే యార్డు బంద్ జేసింది. నీ కార్డు మా కోడలి పేరు మీదికి మార్పియ్యి రాజక్కా. సోమారం కార్డుల కొత్త లిస్టు రాస్తాండ్రు."

"నేను సచ్చినట్టే మాట్లాడ్తానవేందే?"

"సచ్చినంక ఎవల్ని అడగాలె? బతికున్నప్పుడే అడుగుతాన."

చిలుకమ్మ పోయాక రాజక్క కూతురి వైపు తిరిగింది. "కార్డు ఇయ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు బిడ్డా. సదువుకున్నదానివి."

కార్డు పోతే మళ్లీ రాదు. దుమ్ముతోనే జబ్బయితే ఆ కార్డు పెట్టుకుని చేసేదీ లేదు. స్నేహలత ఫోన్లో వెతికింది. ఎలర్జీ గురించి చదివితే ఎలర్జీ అనిపించింది. యార్డులో రాశి పోసినప్పుడల్లా అమ్మకు తుమ్ములు, కళ్ల దురద నిజమే కదా. పాలు సరిపడకపోవడం గురించి చదివితే అదీ నిజమే అనిపించింది. పాలు తాగితే అమ్మకు కడుపు ఉబ్బుతుంది. సైనస్ గురించి చదివితే అదే అనిపించింది. మూడూ చదివి ఫోన్ బోర్లా పెట్టింది. చదవకముందే నయం.

పన్నెండో రోజు, శనివారం, ఇద్దరూ రైలెక్కి వరంగల్ దిగి, ఆటోలో హనుమకొండకు పోయారు. చెవి ముక్కు గొంతు డాక్టరు సుభాషిణి నోటుబుక్కు తిరగేసింది.

"పాలు తాగితే ఏమైతది?"

"కడుపుబ్బరం మేడం. రెండు మూడుసార్లు బయటికి పోవాలె," అంది రాజక్క.

"దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం?"

"ఎన్నడు లెవ్వు."

"అయితే పాలు మీకు అరగడం లేదు, అంతే. ఎలర్జీ వేరు. ముక్కుకూ దీనికీ సంబంధం లేదు." డాక్టరు ఆమె చెంప ఎముకల మీద వేళ్లతో నొక్కింది. రాజక్క మొహం ముడుచుకుంది. "వంగితే నొప్పి ఎక్కువైతుందా? పై పండ్లు గుంజుతున్నాయా?"

"గుంజుతానయని మొన్ననే ఒకటి పీకిచ్చుకున్న."

"నొప్పి పోయిందా?"

"పన్ను పోయింది."

డాక్టరు నవ్వు ఆపుకుని స్నేహలత వైపు తిరిగింది. "ముందు తగ్గి, మళ్లీ ఎక్కువైంది చూడు. జ్వరం, చెంపల నొప్పి, పచ్చగా కారడం. ఇది సైనస్‌లో ఇన్ఫెక్షన్. మందులు రాస్తాను, తగ్గిందని మధ్యలో ఆపొద్దు. కంటి చుట్టూ వాపొస్తే వెంటనే తీసుకురా."

"మరి దుమ్ము ఎలర్జీ లేదా మేడం?" స్నేహలత అడిగింది. సోమవారం సంగతి చెప్పింది.

"ఉండొచ్చు. ముందునుంచీ ఉన్న తుమ్ములూ దురదా దానివే కావచ్చు. కానీ నువ్వు తిండీ, యార్డూ ఒకేసారి ఆపి, ఆ రోజే గోలీ వేశావు. ఏది దేనివల్ల తగ్గిందో ఎట్ల చెప్పాలి? ముందు ఇన్ఫెక్షన్ పోనీ. తర్వాత మాస్కు కట్టుకుని పనికి పోయి చూడమను. తుమ్ములు వస్తే మళ్లీ రండి, వాటికీ మందుంది."

స్నేహలతకు సిగ్గేసింది. అంత శ్రద్ధగా రాసిన నోటుబుక్కు దేనికీ సాక్ష్యం కాకుండా పోయింది. తేలింది ఒకటే, తేలకుండా ఇంకొకటి మిగిలింది. సోమవారం మాత్రం ఆగదు.

వరంగల్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడితే చిలుకమ్మ ఫోన్ చేసింది. రాజక్క ఫోన్ కూతురి చేతికిచ్చింది.

"ఏమన్నరు, ఎలర్జీనే కదా?"

"ఇప్పుడైతే ఇన్ఫెక్షన్, చిన్నమ్మా. మందులిచ్చిర్రు."

"దుమ్ము పడ్తదా పడదా, అది చెప్పు."

ఎవరేం అడిగినా ఏదో ఒకటి చెప్పి పంపడమే అలవాటు స్నేహలతకు.

"తెల్వది."

"గంత సదివి తెల్వదంటవేందే?"

"నిజంగనే తెల్వది చిన్నమ్మా. తెల్వనిదానికి కార్డు ఇయ్యం. సోమారం అమ్మ పేరే ఉండని."

అవతల చిలుకమ్మ గొణిగి పెట్టేసింది. రాజక్క చెంప పట్టుకుని అడిగింది.

"ఏమంటాంది?"

"తిడ్తాంది."

"తిట్టనీ," అని రాజక్క మందుల సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.