ఓపెన్ డిగ్రీ వాళ్ల వంతు

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. మానుకోటలో బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. అన్నిటికీ తాళాలు పడ్డాయి సరే, ఆదివారం పూట ఓపెన్ డిగ్రీ క్లాసులు జరిగే కాలేజీకి కూడా తాళం పడేసరికి జమునకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండదు మరి? తండాలో పత్తి ఏరుకుంటూ, ఇద్దరు పిల్లల్ని సాకుతూ, ఇంటరు లేకుండానే అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరిన మనిషి. చదువు మూడేళ్లదే అయినా, తీరిక లేనివాళ్లు ఆరేళ్లలో పూర్తి చేసుకోవచ్చన్నారు. ఆ ఆరో ఏడు ఇదే. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి, చరిత్ర ఒక్కటే రెండుసార్లు తప్పింది. నవంబరులో కూడా తప్పిందంటే పేరు కొట్టేస్తారు. సంగతి తెలియక కాదు, అడిగితే గంటసేపు గడగడా చెప్తుంది. కాగితం మీదికొచ్చేసరికే ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో తోచదు. అది నేర్పగలిగినవాడు ఆదివారం క్లాసుల్లో చరిత్ర చెప్పే యోహాను సారొక్కడే.

ఆ సారుది జనగామ. రైళ్లు కూడా ఆగిపోవడంతో మానుకోటలోనే చిక్కుకుపోయి, రోజూ పొద్దున్నే దీక్షా శిబిరంలో వచ్చి కూర్చుంటున్నాడు. జమున నేరుగా అక్కడికే పోయింది.

"సార్, మీరు ఖాళీగనే ఉన్నరు గద. జర పాఠం చెప్పున్రి."

"బాగనే ఉన్నది! సమ్మెల ఉన్నోడు పాఠం చెప్తే రేపు నన్ను గద్దారు, ద్రోహి అంటరు. ముందుగాల తెలంగాణ రానీయమ్మా, చదువు యాడికి పోతది?"

"చదువు పోదు సార్. నా పేరు పోతది."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. కసిరినా బాగుండేది, ఆ నవ్వు మాత్రం జమునకు అస్సలు మింగుడుపడలేదు.

శిబిరంలో రోజుకొక గుంపు వంతులవారీగా నిరాహారదీక్షకు కూర్చుంటోంది. ఒకరోజు మంగలివాళ్లు, ఒకరోజు హమాలీలు, ఒకరోజు వకీళ్లు. ఆ వంతులు చూసేది కిరాణా టోకు వ్యాపారి వీరయ్య సేటు. జమున అటు తిరిగింది.

"సేటూ, రేపటి వంతు మాకియ్యి."

"మీకంటే? లంబాడోళ్లది మొన్ననే అయిపాయె గద."

"లంబాడోళ్లకు కాదు. ఓపెన్ డిగ్రీ చదివెటోళ్లకు."

వీరయ్య పగలబడి నవ్వాడు. "కాలేజీ పోరగాండ్లను ఎరుగుదు. గీ ఓపెన్ డిగ్రోళ్లు ఏడున్నరమ్మా? ఇంట్ల కూసొని చదివేది గూడ ఒక చదువేనా?"

"ఎవలు కూసున్నరు సేటూ ఇంట్ల? చేన్ల నడుములిరిగేటట్టు పని చేసొచ్చి, పొయ్యి కాడ పుస్తకం పట్టెటోళ్లం. మీటింగులకు మమ్ముల ట్రాక్టర్లల్ల తోలుకొచ్చిననాడు ఎరుగుదువు. ఒక్క వంతు అడిగితే ఎరుగవా?"

పక్కన కూర్చున్న హమాలీలు ఈలలు వేశారు. ఇంతమందిలో వద్దనలేక సేటు వంతుల చీటీలో రాసుకున్నాడు.

మర్నాడు జమునతో పాటు పక్క తండా సక్రి, బట్టలు కుట్టే వనమాల, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు దీక్షకు కూర్చున్నారు. దండలు పడ్డాయి. ఉపన్యాసాల మీద ఉపన్యాసాలు. యోహాను సారు కూడా మైకు పట్టుకుని ఆడవాళ్ల చదువు గొప్పతనం గురించి ఇరవై నిమిషాలు దంచాడు. అంతసేపు చెప్పినవాడు అందులో సగంసేపు పాఠం చెబితే ఏం పోయింది? జమున పళ్లు బిగబట్టి కూర్చుంది.

సాయంత్రం ఐదింటికి దీక్ష విరమణ. పేపరు విలేకరి ఫోటోకు సిద్ధమయ్యాడు. వీరయ్య నిమ్మరసం గ్లాసు జమున నోటిదాకా తెచ్చాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

"తాగ."

"ఏందీ?"

"సార్ పాఠం చెప్పేదాంక తాగ. రేపు, ఎల్లుండి గూడ గిట్లనే కూసుంట."

వీరయ్య విలేకరి వైపు ఓరగా చూశాడు. "పరేషాన్ చెయ్యకు తల్లీ. దీక్ష సర్కారు మీదనా, మన మీదనా?"

"సర్కారు వినకుంటే దీక్షకు కూసున్నం. మనోళ్లే వినకుంటే ఏం జెయ్యాలె? నువ్వే చెప్పు."

సక్రి తన గ్లాసు కింద పెట్టేసింది. వనమాలా పెట్టేసింది. విలేకరి కెమెరా దించి నోరు తెరిచాడు.

యోహాను సారు మొహం కందగడ్డయింది. "జమునా, గిది పద్ధతి గాదు. నన్ను సమ్మె ఇరగ్గొట్టుమంటవా?"

జమున లేచి నిలబడింది. ఖాళీ కడుపుకు కళ్లు తిరిగి, డేరా గుంజ పట్టుకుంది.

"కాలేజీ తాళం తియ్యమన్ననా సార్? హాజరు పుస్తకంల సంతకం పెట్టుమన్ననా? జీతం దీస్కొని చెప్తే గది కొలువు. గీ డేరా కింద, జీతం లేకుంట, మాకోసం చెప్తే సమ్మె ఎట్ల ఇరుగుతది? ఇంకింత గట్టిపడతది. తెలంగాణ వస్తది, కొలువులు వస్తయి. డిగ్రీ ఏదమ్మా అని అడుగుతరు. అప్పుడు నేనేం జూపియ్యాలె, మెడల ఏసిన గీ దండనా?"

హమాలీల్లోంచి ఒకాయన, "నిజమే గద సారూ," అన్నాడు.

సారు వీరయ్య వైపు చూశాడు.

"నన్నెందుకు జూస్తవు? చెప్పరాదు," అన్నాడు వీరయ్య, "నిమ్మరసం చేదెక్కుతున్నది."

యోహాను సారు చెప్పులు విడిచి జమున ఎదురుగా చాప మీద కూలబడ్డాడు. "మొండిదానివి. సరే, ముందుగాల తాగు."

"ముందుగాల పాఠం."

"అయితే కాయిదం తియ్యి. నిజాం మీద రైతులు ఎందుకు తిరగబడ్డరు? గది ప్రశ్న."

జమున గడగడా మొదలుపెట్టబోయింది.

"చెప్పకు. రాయి. అడిగినదానికి జవాబు మొదటి వాక్యంలనే ఉండాలె."

ఆమె రాసింది. సారు చదివి అడ్డంగా కొట్టేశాడు. మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేశాడు. వీరయ్య గ్లాసు పట్టుకుని వంగి చూస్తున్నాడు, హమాలీలు దగ్గరికి జరిగారు. మూడోసారి రాసి కాగితం చేతికిచ్చింది. సారు చదివాడు. ఇంకోసారి చదివాడు. ఈసారి కొట్టెయ్యకుండా కలం మూత పెట్టాడు.

జమున గ్లాసు కోసం చెయ్యి చాపింది.